నిప్పంటుకోదు కదా అని బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్గాన్ వెల్డింగ్ చేస్తున్నారా?

ప్రశ్న: అన్నా, నాకు 24 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో వెల్డర్‌ని. ఇంతకుముందు గేట్లు, గ్రిల్స్ పనే ఉండేది. ఈ మధ్య మా ఓనర్ ఆర్గాన్ మిషన్ కొన్నాడు, బైకుల అల్యూమినియం ఇంజిన్ కవర్లు, ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) సైలెన్సర్లు వస్తున్నాయి. పోయిన వారం పగిలిన ఇంజిన్ కవర్ ఒకటి వస్తే ఆయిల్ పోవడానికి బ్రేక్ క్లీనర్ కొట్టి, బట్టతో తుడిచి, వెంటనే వెల్డింగ్ మొదలుపెట్టాను. కొంచెం తెల్లగా పొగ లేచింది, గొంతు మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. బయట కాసేపు కూర్చుంటే తగ్గింది, మళ్లీ పని చేసుకున్నాను. రాత్రికి ఛాతీ పట్టేసినట్టు అయింది, దగ్గు. మా మేస్త్రీ "బెల్లం తిని పాలు తాగు, వెల్డర్లకి ఇవన్నీ మామూలే" అన్నాడు. డబ్బా మీద టెట్రాక్లోరోఇథిలీన్ అని, నాన్ ఫ్లేమబుల్ అని రాసుంది. నిప్పంటుకోదు కాబట్టి పెట్రోల్ కంటే ఇదే సేఫ్ అని షాపులో ఇచ్చారు. నిజమేనా? మరి దేంతో క్లీన్ చేయాలి? జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) పైపులకు యాసిడ్ కూడా రాస్తాం, అదీ తప్పేనా?

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరం చూడగానే ముందు ఛాతీ డాక్టర్ దగ్గరకు వెళ్లమని విడిగా మెసేజ్ పెట్టాను. ఎక్స్‌రే తీశారని, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారని నువ్వు జవాబిచ్చాక గానీ నాకు టెన్షన్ తగ్గలేదు. ఇక మిగతా సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం, ఎందుకంటే నీలాగే ఆ డబ్బా చేతిలో పట్టుకుని వెల్డింగ్ టార్చ్ వెలిగించేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

షాపులో నీకు చెప్పింది సగం నిజం. అది నిప్పంటుకోదు, సరే. ఎందుకు అంటుకోదంటే దాని నిండా క్లోరిన్ ఉంది కాబట్టి. టెట్రాక్లోరోఇథిలీన్ అంటే రెండు కార్బన్లకు నాలుగు క్లోరిన్లు, హైడ్రోజన్ అసలు లేదు. బట్టల డ్రైక్లీనింగ్‌లో కూడా వాడతారు దీన్ని, పెర్క్ అంటారు. గ్రీజును చక్కగా కరిగిస్తుంది, మంట రాదు, అందుకే బ్రేక్ పనికి బాగా కుదిరింది. కానీ ఆ ఆవిరి మీద ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) వెలుగు పడితే కథ మారిపోతుంది. వెల్డింగ్ వెలుగులో కంటికి కనపడని అల్ట్రావయొలెట్ కిరణాలు ఉంటాయి, రాత్రి కళ్లు మండించి నిద్ర పట్టనివ్వనివి, మెడ మీద చర్మం కాల్చేవి అవే. ఆ కిరణాలు, ఆ వేడి కలిసి పెర్క్ ఆవిరిని విడగొడతాయి, గాలిలో ఉన్న ఆక్సిజన్ దానికి తోడవుతుంది, ఫాస్జీన్ అనే విషవాయువు తయారవుతుంది. దాంతోపాటు హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి ఘాటు ఆవిర్లు కూడా. నీ గొంతు మండించి బయటికి తరిమింది చాలావరకు ఆ ఘాటు ఆవిర్లే అయ్యుంటాయి, ఒక రకంగా మేలే చేశాయి.

ఆర్గాన్ గ్యాస్ చుట్టూ ఉంటుంది కదా, ఆక్సిజన్ ఎక్కడిది అని అడగొచ్చు. ఆర్గాన్ కాపాడేది కరిగిన లోహాన్ని, నీ ముక్కును కాదు. టార్చ్ కొనకు ఉండే కప్పు (గ్యాస్ బయటికొచ్చే మూతి) వెలుపల అంతా మామూలు గాలే. పైగా ఆర్గాన్ వెల్డింగ్‌లో రాడ్డు వెల్డింగ్ అంత పొగ ఉండదు కాబట్టి అడ్డు లేక అల్ట్రావయొలెట్ ఇంకా దూరం పోతుంది, అల్యూమినియం మీద, ఎస్‌ఎస్ మీద మెరుపు కూడా ఎక్కువే.

ఫాస్జీన్ అంటే ఏమిటో చెప్పాలి. 1915 చివర్లో మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని ఆయుధంగా వదిలారు, ఆ యుద్ధంలో విషవాయువుల వల్ల చనిపోయినవాళ్లలో ఎక్కువమంది దీనివల్లే పోయారు. మన దగ్గర భోపాల్ యూనియన్ కార్బైడ్ ప్లాంటులో మిథైల్ ఐసోసయనేట్ తయారీకి వాడిన ముడిసరుకుల్లో ఇదొకటి. 1984 దుర్ఘటనకు మూడేళ్ల ముందే, 1981 డిసెంబరులో, అదే ప్లాంటులో ఫాస్జీన్ పీల్చి ఒక కార్మికుడు చనిపోయాడు. అతను అక్కడికక్కడే పోలేదు, రోజులు గడిచాక పోయాడు.

ఈ గ్యాస్‌తో అసలు చిక్కు అదే. ఇది నీళ్లలో నెమ్మదిగా మాత్రమే కలుస్తుంది కాబట్టి ముక్కు, గొంతు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడి పల్చటి గోడలను దెబ్బతీస్తుంది. మొదట కొంచెం మంట, దగ్గు, తర్వాత తగ్గినట్టే ఉంటుంది. మనిషి మామూలుగా తింటాడు, నవ్వుతాడు, బండేసుకుని ఇంటికి పోతాడు. ఆ తర్వాత కొన్ని గంటలకు, ఒక్కోసారి 24 గంటలకు, 48 గంటల దాకా కూడా, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. దీనికి విరుగుడు మందంటూ లేదు. ఆక్సిజన్ పెట్టి, కనిపెట్టుకుని ఉండి, ఊపిరికి సాయం చేయడమే డాక్టర్లు చేయగలిగేది. మధ్యలో "తగ్గింది" అనుకున్న ఆ గంటల్లో బరువులు ఎత్తినా, మెట్లు ఎక్కినా పరిస్థితి ఇంకా చెడుతుంది. నువ్వు బయట కాసేపు కూర్చుని వచ్చి మళ్లీ పని చేశావు చూడు, అన్నిటికంటే నాకు భయమేసింది ఆ వాక్యం చదివినప్పుడే.

వాసన వస్తే తెలుస్తుందిగా అంటావా? తడిసి ముక్కిన గడ్డి వాసన వస్తుందని రాస్తారు. 8 గంటల పనికి అమెరికాలో పెట్టిన హద్దు 0.1 పీపీఎం, అంటే కోటి పాళ్ల గాలిలో ఒక పాలు. మామూలు మనిషి ముక్కుకు అందాలంటే దానికి కొన్ని రెట్లు ఉండాలి, ప్రాణాపాయం అని లెక్కగట్టింది 2 పీపీఎం. వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. షెడ్డులో మనం ప్రమాదాన్ని కొలిచేది మూడే రకాలుగా: మంట అంటుకుంటుందా, ఘాటు వాసన వస్తుందా, వెంటనే బాధ పుడుతుందా. ఈ మూడింట్లో ఒక్కటి కూడా ఫాస్జీన్ దగ్గర నమ్మదగ్గది కాదు.

మీ మేస్త్రీని కూడా నేను తప్పుపట్టను. ఆయన జీవితమంతా రాడ్డు వెల్డింగ్ చేసి ఉంటాడు. ఐరన్‌కి వైర్ బ్రష్ కొట్టి, మహా అయితే కిరోసిన్ గుడ్డతో తుడిచి అంటించేసేవారు, రాడ్డు పైనున్న ఫ్లక్స్ పూత కాస్త మురికిని సర్దేసేది. ఆర్గాన్ వెల్డింగ్ అలా ఒప్పుకోదు, కొంచెం నూనె ఉన్నా బుడగలు లేచి వెల్డ్ పాడవుతుంది, అందుకే చిన్న షెడ్లలోకి ఆర్గాన్ మిషన్ వచ్చిన వెనకే ఈ సాల్వెంట్ (జిడ్డు కరిగించే ద్రవం) డబ్బాలు కూడా వచ్చాయి. ఇన్నేళ్ల అనుభవంలో ఆయనకు ఈ ప్రమాదం ఎదురు కాలేదంటే అప్పట్లో అది షెడ్డులో లేదు, అంతే.

ఇప్పుడు నువ్వు "బట్టతో తుడిచాను" అన్నావు. పగిలిన ఇంజిన్ కవర్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. పైన తళతళలాడుతుంది, వేలు పెడితే పొడిగానే ఉంటుంది. కానీ నువ్వు అతకబోయేది పగులునే, ఆ పగులు వెంట్రుకంత సందు, స్ప్రే మొత్తం అందులోకే దిగి కూర్చుంటుంది. బోల్టు రంధ్రాల అడుగున ఒక్కో చుక్క నిలిచి ఉంటుంది, గ్యాస్కెట్ మిగిలిన అంచు కింద ఇంకొంచెం. పోత అల్యూమినియంలో సన్నటి రంధ్రాలు సరేసరి. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, పెర్క్ మరగడానికి 121 డిగ్రీలు కావాలి, అంటే అంత తొందరగా ఆరదు. నువ్వు టార్చ్ పెట్టి వేడి చేసేసరికి సందుల్లోది ఆవిరై సరిగ్గా ఆర్క్ ముందుకే వస్తుంది, నీ హెల్మెట్ కింద ఉన్న నీ ముఖానికి జానెడు దూరంలో. కాబట్టి ఎంతసేపు ఆరబెట్టాలి అని మాత్రం నన్ను అడగొద్దు. ఆ డబ్బా కొట్టిన ముక్కకు వెల్డింగ్ చేయొద్దు, అంతే. తప్పదనుకుంటే సబ్బు, వేడినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, రంధ్రాల్లోకి గాలి కొట్టి, ఆరుబయట ఎండలో రోజుల తరబడి వదిలేయాలి. అంత తిప్పలు పడేకంటే మొదట్లోనే అది వాడకపోవడం తేలిక కదా.

నువ్వు మానేసినా పక్క షెడ్డు వాడు మానకపోతే? ఆటోనగర్ షెడ్లు తెలిసినవే కదా, మధ్యలో గోడ ఉంటే ఉంటుంది, లేకపోతే ఒక రేకు. అవతల మెకానిక్ బ్రేక్ డ్రమ్ముల మీద బుస్సుమని డబ్బా ఖాళీ చేస్తుంటే ఇవతల నీ ఆర్క్ వెలుగుతుంటుంది. ఆ ఆవిరి గాలి కంటే ఐదారు రెట్లు బరువు, నేల వెంట పాకి గుంతల్లో, పిట్‌లో నిలుస్తుంది. కిరణాలు కొన్ని మీటర్ల అవతలకు కూడా పోతాయి. వెల్డింగ్ జరిగేటప్పుడు స్ప్రే కొట్టొద్దని ఆయనతో మాట్లాడుకో, మధ్యలో వెల్డింగ్ తెర కట్టు. బీడీ తాగేవాళ్లకు ఇంకో మాట: ఈ ఆవిరి ఉన్నచోట బీడీ పీలిస్తే ఆ కాలే కొన దగ్గర కూడా ఇదే విషం పుడుతుంది, అది నేరుగా లోపలికే పోతుంది. ఏసీ మెకానిక్‌లకు కూడా ఇది వర్తిస్తుంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్‌లో క్లోరిన్ ఉంది, పైపులో గ్యాస్ మిగిలి ఉండగా బ్రేజింగ్ (పైపులు అతికే) మంట పెడితే ఫాస్జీన్ రావచ్చు. కొత్త గ్యాసుల్లో క్లోరిన్ లేదు గానీ వాటిలో చాలావాటిని కాల్చినా హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, అదేం చుట్టం కాదు.

సాల్వెంట్ కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడు. పేరులో ఎక్కడన్నా "క్లోరో" గానీ "క్లోరైడ్" గానీ కనపడితే వెల్డింగ్ టేబుల్ దగ్గరికి రానివ్వకు: టెట్రాక్లోరోఇథిలీన్, పెర్‌క్లోరోఇథిలీన్ (రెండూ ఒకటే), ట్రైక్లోరోఇథిలీన్, మిథిలీన్ క్లోరైడ్. ఆఖరిదాన్ని మన దగ్గర ఎండీసీ అంటారు, పెయింట్ ఊడగొట్టే మందుల్లో ఉంటుంది. ట్రైక్లోరోఇథిలీన్ అయితే క్యాన్సర్ తెస్తుందని తేలిపోయింది కూడా. "నాన్ ఫ్లేమబుల్" అని గొప్పగా రాసుకున్న డీగ్రీజర్ (జిడ్డు వదిలించే) స్ప్రే కనపడితే, అది నీళ్లతో చేసింది కాకపోతే, ముందు క్లోరిన్ అనే అనుమానించు. లేబుల్ లేకుండా క్యాన్‌లో లూజుగా అమ్మే "క్లీనింగ్ సాల్వెంట్" అసలు కొనకు, అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

మరి దేంతో? నూనె బాగా పట్టిన ఇంజిన్ కవర్‌కి ముందు వేడినీళ్లు, గిన్నెల సబ్బు లేదా నీటితో కలిపే డీగ్రీజర్, బ్రష్ పెట్టి తోము. కడిగి, గాలి కొట్టి, పూర్తిగా ఆరనివ్వు. తర్వాత శుభ్రమైన తెల్లబట్టకు కాస్త అసిటోన్ తడిపి తుడువు. ముక్క మీద పోయకు, బట్టకు మాత్రమే. బట్టకు నలుపు అంటడం ఆగేదాకా బట్ట మారుస్తూ తుడవాలి. నూనె పోయాకే ఎస్‌ఎస్ వైర్ బ్రష్. అల్యూమినియం కోసం విడిగా ఒకటి పెట్టుకో, ఐరన్‌కి వాడింది దీనికి వాడకు. చాలామంది ముందే బ్రష్ కొట్టేస్తారు, దాంతో నూనె గీతల్లోకి దిగిపోతుంది, ఆ తర్వాత ఎంత తుడిచినా రాదు. బ్రష్ ఎందుకంటే, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీద పట్టిన ఆక్సైడ్ పొర కరగాలంటే రెండువేల పైమాటే. పగులులో నూనె ఇంకిపోయి ఉంటే సన్నమంటతో కొంచెం వెచ్చజేయి, లోపలి నూనె పైకి చెమరుస్తుంది, చల్లారాక తుడువు, మళ్లీ వెచ్చజేయి. ఓపిక కావాలి, వేరే దారి లేదు. వెచ్చజేసేటప్పుడు అసిటోన్ డబ్బా పక్కన ఉండకూడదని వేరే చెప్పాలా?

చెప్పాలి, ఎందుకంటే అసిటోన్‌లో క్లోరిన్ లేదు గానీ నిప్పు విషయంలో అది పెట్రోల్‌కి పెద్దగా తీసిపోదు. సున్నాకి 20 డిగ్రీల కిందకూడా దాని ఆవిరి అంటుకుంటుంది, మన ఎండల్లో సంగతి చెప్పక్కర్లేదు. చిన్న సీసాలో కొద్దిగా తెచ్చుకో, పెద్ద డబ్బా షెడ్డుకి అవతలి చివర మూతపెట్టి ఉంచు, తుడిచిన బట్టలు మూత ఉన్న రేకు డబ్బాలో వేయి, ముక్క పూర్తిగా ఆరి వాసన పోయాకే టార్చ్ పట్టుకో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా పనికొస్తుంది, దానికీ ఇవే జాగ్రత్తలు. పెట్రోల్, థిన్నర్ మాత్రం వద్దు. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, పైగా జిడ్డు వదిలిపోతుంది. థిన్నర్‌లో ఏ రోజు ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు.

ఇక జీఐ పైపు. యాసిడ్ రాస్తే పైనున్న జింక్ కరుగుతుంది, నిజమే, కరిగేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, అది మండే గ్యాస్. పైపు రెండు చివరలూ మూసుకుని ఉంటే లోపల నిండిన హైడ్రోజన్‌కి నీ ఆర్కే అగ్గిపుల్ల. యాసిడ్ ఆవిరి వేరే, కీళ్లలో మిగిలిన యాసిడ్ తర్వాత తుప్పు తినిపించడం వేరే. యాసిడ్ రాసిన చోట బ్లీచింగ్ నీళ్లు పోసి కడిగితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అదింకో ప్రమాదం. గ్రైండర్‌తో లేదా ఫ్లాప్ వీల్ (గరుకు కాగితపు చక్రం)తో అతుకుకి అటూ ఇటూ నాలుగంగుళాలు జింక్ తీసేయి, దుమ్ముకి మాస్క్ పెట్టుకో. పైపు లోపలి జింక్ ఎలాగూ మిగులుతుంది. అది 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఇనుము ఇంకా కరగనే కరగదు, ఆ తెల్లపొగ అదే. అందుకే గాలి వెనకనుంచి గానీ పక్కనుంచి గానీ వచ్చేలా నిలబడి, పొగ ముఖానికి రాకుండా చూసుకో.

ఆ పొగ పీలిస్తే కొన్ని గంటలకు చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. రోజూ పీల్చేవాడికి ఒళ్లు అలవాటు పడుతుంది, ఆదివారం సెలవు వచ్చేసరికి ఆ అలవాటు పోయి సోమవారం మళ్లీ జ్వరం. మీ మేస్త్రీ "మామూలే" అన్నది ఈ జ్వరాన్ని చూసి, చూసి. బెల్లం, పాలు దీనికీ మందు కాదు, జ్వరం దానంతట అదే తగ్గుతుంది, పేరు బెల్లానికి వస్తుంది. ఫాస్జీన్ కూడా గంటల తర్వాతే బయటపడుతుంది కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఏది ఏదో షెడ్డులో కూర్చుని తేల్చే పని పెట్టుకోకు.

బంగారు రంగు పూత ఉన్న పాత బోల్టులు, బ్రాకెట్ల విషయం కూడా చూసుకో. చాలావరకు అది జింకే, కానీ కొన్ని క్యాడ్మియం పూతవి ఉంటాయి, చూసి తేడా చెప్పలేం. క్యాడ్మియం పొగ ప్రాణం తీయగలదు, అది కూడా ఆలస్యంగానే. తెలియని పూత అయితే వెల్డింగ్ చేయకు, కొత్త బోల్టు కొనమను. పెయింట్ ఉంటే నాలుగంగుళాలు గీకేసి మొదలుపెట్టు, పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్ము ఊడ్చేముందు తడుపు.

ఎస్‌ఎస్ సైలెన్సర్లకి వెల్డింగ్ తర్వాత నలుపు పోవడానికి పికిలింగ్ పేస్ట్ రాస్తుంటే దాని గురించి ఒక్క మాట: అందులో నైట్రిక్ యాసిడ్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. మంచి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకో, కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర ఉంచుకోకుండా ఆ డబ్బా మూత తీయొద్దు. పడితే వెంటనే ధారగా నీళ్లు పోసి, జెల్ రుద్ది, నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి.

మళ్లీ ఎప్పుడైనా స్ప్రే కొట్టిన ముక్క మీద ఆర్క్ పడి గొంతు మండితే, టార్చ్ కింద పడేసి బయటికి వచ్చేయి. దుమ్ము మాస్క్, తడి రుమాలు ఏవీ గ్యాస్‌ని ఆపవు. ఒంటిమీద బట్టలకు స్ప్రే తడి ఉంటే విప్పేయి. కూర్చో, నడవకు, బండి నడపకు, 108కి ఫోన్ చేయి లేదా ఎవరినైనా తీసుకెళ్లమను, బాగానే ఉన్నా సరే. డాక్టర్‌కి "వెల్డింగ్ పొగ" అని చెప్పి ఊరుకోకు, "క్లోరిన్ ఉన్న సాల్వెంట్ మీద వెల్డింగ్ చేశాను, ఫాస్జీన్ పీల్చి ఉండొచ్చు" అని ఆ మాటలతోనే చెప్పు, డబ్బా ఫొటో చూపించు. పొగ అని వింటే ఆవిరి పట్టించి పంపేస్తారు, ఫాస్జీన్ అని వింటే కనీసం ఒక రోజు దగ్గర ఉంచుకుంటారు.

ఓనర్‌తో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. ఇది ఖర్చు పెంచే మార్పు కాదు, సబ్బునీళ్లు, కొద్దిగా అసిటోన్, నాలుగు తెల్లబట్టలు, ఒక విడి బ్రష్. ఈ సమాధానం ఆయన చేత కూడా చదివించు. షెడ్డులో మిగిలిన ఆ డబ్బాలను కాలవలో పారబోయొద్దు, నేలలోకి దిగితే బోరు నీళ్లు పాడవుతాయి. బ్రేక్ పని మాత్రమే చేసే, దరిదాపుల్లో వెల్డింగ్ లేని మెకానిక్ ఎవరన్నా ఉంటే లేబుల్ చూపించి, సంగతి చెప్పి ఇచ్చేయండి.